రంగును బట్టి బి5, అతినీలలోహితాన్ని బట్టి ఇంకేదో: ఈ తారను ఏ వర్గంలో వేయాలి?

నీలితారల_వేట
నా దగ్గర 23 నీలి తారల జాబితా ఉంది. అన్నీ పాలపుంత తలానికి దూరంగా ఉన్నవే. వాటిలో 14వ తార నన్ను పది రోజులుగా తిప్పలు పెడుతోంది. దాని మాగ్నిట్యూడ్ (అంకె తగ్గితే వెలుగు ఎక్కువని చెప్పే కొలత) 14.6, గెలాక్సీ అక్షాంశం (పాలపుంత తలం నుంచి కోణం) 35 డిగ్రీలు, బి−వి రంగు సూచిక (నీలి, దృశ్య వడపోతల మాగ్నిట్యూడ్‌ల తేడా; ఎంత తక్కువైతే తార అంత నీలం) −0.16. ప్రామాణిక పట్టికలో చూస్తే ఇది బి5 వర్గపు (ఓ అతి వేడి, తరువాత బి; పక్కన అంకె పెరిగితే వేడి తగ్గుతుంది) ప్రధాన క్రమ తారకు, గర్భంలో హైడ్రోజన్ మండించే మామూలు తారకు, అంటే దాదాపు 15,000 కెల్విన్‌లకు సరిపోతుంది. అయితే గాలెక్స్ ఉపగ్రహం ఇచ్చిన అతినీలలోహిత కొలతలను (దూర అతినీలలోహితంలో 13.4, సమీప అతినీలలోహితంలో 13.7) నమూనాలతో పోల్చినప్పుడు ఉష్ణోగ్రత 20,000 కెల్విన్‌ల పైమాటే అని తేలుతోంది. మా దగ్గర ఒక పెద్దాయనను అడిగితే "రెండింటికీ సగటు తీసి బి3 అని రాసేయండి" అన్నారు. ఒక తారకు వర్గాన్ని సగటు తీసి నిర్ణయించే పద్ధతి నిజంగా ఉందా? లేకపోతే ఈ రెండు కొలతలలో దేనిని నమ్మాలి?

పాత_ఫోటోమీటర్
ఒకరికి జ్వరం 99, మరొకరికి 103 ఉంటే ఇద్దరికీ 101 మందు ఇచ్చినట్టుంది ఆ సలహా. సగటు సంగతి పక్కన పెట్టండి. మీ −0.16 చూసిన విలువా, ధూళి ప్రభావాన్ని తీసివేసిన విలువా?

నీలితారల_వేట
చూసిన విలువే. 35 డిగ్రీల అక్షాంశంలో ధూళి పెద్దగా ఉండదని వదిలేశాను.

ధూళిమేఘం
పెద్దగా ఉండదు, కానీ బొత్తిగా లేకుండానూ ఉండదు. ఆ దిశలో ఎర్రబారడం (ధూళి వల్ల బి−వి పెరగడం) 0.1 ఉందనుకుందాం. అప్పుడు అసలు రంగు −0.26 అవుతుంది, మీ బి5 కాస్తా బి2 దాటి పైకి పోతుంది. చల్లని తారల విషయంలో 0.1 తేడాను సర్దుకోవచ్చు కానీ నీలి తారల దగ్గర అది ప్రాణాంతకం, ఎందుకంటే అక్కడ బి−వి కొలబద్ద దాదాపు చివరికి వచ్చేసి ఉంటుంది. బి0 తారకు −0.30, ఓ5 తారకు −0.33. అంటే పది వేల కెల్విన్‌లకు మించిన తేడా 0.03 మాగ్నిట్యూడ్‌లో ఇమిడిపోతోంది. మామూలు పరిశీలనలో కొలత దోషమే అంత ఉంటుంది.

సాహా_సమీకరణం
దీని కారణం కూడా చెప్పుకోవాలి. వీన్ నియమం ప్రకారం 28,000 కెల్విన్‌ల వస్తువు కాంతి గరిష్ఠంగా ఉండేది సుమారు 104 నానోమీటర్ల దగ్గర. సూర్యుడికి అదే 500 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. కాబట్టి వేడి తారను దృశ్యకాంతిలో చూడటమంటే ఏనుగు తోకను పట్టుకుని ఏనుగు ఎత్తు చెప్పబోవడమే. తోక వాలు అన్ని వేడి తారలకూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఉష్ణోగ్రతను పట్టి ఇచ్చే భాగం 300 నానోమీటర్లకు దిగువన ఉంది, దానిని ఓజోన్ పొర నేల మీదకు రానివ్వదు. అందుకే ఉపగ్రహాలు ఎగరవలసి వచ్చింది.

పాత_ఫోటోమీటర్
ఉపగ్రహాలు రాకముందు మేము గుడ్డిగా ఏమీ లేము. 1953లో జాన్సన్, మోర్గన్ యు (అతినీలలోహిత), బి (నీలి), వి (దృశ్య) వడపోతల పద్ధతిని ఇచ్చినప్పుడే ఎర్రబారడంతో నిమిత్తం లేని ఒక రాశి కూడా దొరికింది: యు−బి విలువ నుంచి బి−వికి 0.72 రెట్లు తీసివేస్తే చాలు, ధూళి ఎంత ఉన్నా అది మారదు. కాంతిని కొలిచే 1పి21 గొట్టం, సిరా కలంతో గీత గీసే చార్ట్ రికార్డరు, ఈ రెండింటితో నేను వందకు పైగా బి తారలను ఈ పద్ధతిలోనే వర్గీకరించాను. తార రంధ్రంలోకి రాగానే కలం ఎగిరేది, పక్కనున్న ఆకాశానికి జరపగానే కింద పడేది. ఆ రెండు గీతల ఎడమే మా కొలత. కష్టమల్లా యు వడపోతతోనే. వర్షాకాలపు అంచున గాలిలో తేమ, దుమ్ము చేరి సాయంత్రం తీసిన సవరణ అర్ధరాత్రికి పనికివచ్చేది కాదు.

కుబ్జుడు
పాత_ఫోటోమీటర్ గారి పద్ధతి మామూలు బి తారలకు బంగారమే. 14వ తార మామూలు తార అని ఎవరు చెప్పారు? యు−బి విలువ 365 నానోమీటర్ల దగ్గరి బామర్ అంచు (హైడ్రోజన్ వల్ల తార కాంతి ఒక్కసారిగా పడిపోయే చోటు) ఎంత లోతుగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది, ఆ లోతు ఉష్ణోగ్రతతో పాటు ఉపరితల గురుత్వాన్ని బట్టి కూడా మారుతుంది. ప్రధాన క్రమ తారకూ, ఉపకుబ్జ తారకూ, శ్వేత కుబ్జ తారకూ ఒకే పట్టికను వాడితే ముగ్గురు వేర్వేరు మనుషులకు ఒకే చొక్కా తొడిగినట్టే.

నీలితారల_వేట గారూ, రంగును కాసేపు మరచిపోయి ఒక చిన్న లెక్క చేయండి. అది బి5 ప్రధాన క్రమ తారే అయితే దాని నిజ మాగ్నిట్యూడ్ (10 పార్సెక్‌ల, అంటే సుమారు 33 కాంతి సంవత్సరాల దూరాన పెడితే కనిపించేది) దాదాపు −1.2 ఉండాలి. 14.6గా కనిపించాలంటే, ధూళికి 0.3 తీసేసినా, అది 12,600 పార్సెక్‌ల దూరంలో, పాలపుంత తలానికి 7,000 పార్సెక్‌ల ఎత్తున ఉండాలి. ధూళిమేఘం గారి సవరణతో బి2 అనుకుంటే దూరం 20,000 పార్సెక్‌లు దాటుతుంది. బి2 తార ఆయుష్షు రెండు మూడు కోట్ల ఏళ్లు. కొత్త తారలు పుట్టే వాయువు జాడే లేని అంత ఎత్తున ఆ పసిబిడ్డ ఏం చేస్తోంది?

మూలా_నక్షత్రం
తలం నుంచి విసిరివేయబడి పరుగెత్తే బి తారలు ఉన్నాయి కదా. జంటలో ఒకటి సూపర్‌నోవాగా పేలినా, గుంపులో తారలు ఢీకొనేంత దగ్గరగా తిరిగినా రెండోది బయటికి ఎగిరిపోతుంది. అసాధ్యమని కొట్టిపారేయకండి.

కుబ్జుడు
అసాధ్యమని నేను అనలేదు, అరుదు అంటున్నాను. అరుదైనదాన్ని ఒప్పుకునే ముందు గాయా ఉపగ్రహం కొలిచిన పారలాక్స్ (దూరాన్ని పట్టి ఇచ్చే, తార స్థానంలో కనిపించే చిన్న జరుగుడు) చూడాలి కదా. ఎంత ఉందండీ?

నీలితారల_వేట
1.05 మిల్లీ ఆర్క్‌సెకన్లు, దోషం 0.04. ఇంతకాలం ఆ గడి నా పట్టికలోనే ఉంది, దాని వంక చూడనేలేదు. సిగ్గుగా ఉంది.

కుబ్జుడు
సిగ్గు పడనక్కరలేదు, కేసు సగం తేలిపోయింది. దూరం 950 పార్సెక్‌లు, అంటే 3,100 కాంతి సంవత్సరాలు. ధూళి తీసేశాక నిజ మాగ్నిట్యూడ్ 4.4 వస్తుంది. దృశ్యకాంతిలో మన సూర్యుడు 4.8. ఇంత వేడిగా ఉండి, సూర్యుడంత మాత్రమే వెలుగు ఇస్తోందంటే అది చాలా చిన్న వస్తువు. ప్రధాన క్రమ బి తార కాదు, శ్వేత కుబ్జ తార అంతకన్నా కాదు, ఎందుకంటే వాటి మాగ్నిట్యూడ్ సాధారణంగా 10కి అటూ ఇటూ ఉంటుంది. మధ్యలో మిగిలేది బి తరగతి ఉపకుబ్జ తార.

రాత్రి_కాపరి
కుబ్జుడు గారికి ఏ తార చూపించినా చివరికి కుబ్జ తారే అవుతుందని ఈ వేదికలో అందరికీ తెలుసు. అయినా ఈసారి నేను ఆయన పక్షమే.

పట్టకం
ఉపకుబ్జ తార అంటే తెలియనివారికి రెండు మాటలు. ఎర్ర దిగ్గజంగా ఉబ్బిన తార, లోపల హీలియం మండడం మొదలయ్యే సమయానికి తన హైడ్రోజన్ పైపొరను దాదాపు పూర్తిగా కోల్పోతే మిగిలే గర్భం ఇది. మామిడిపండును చీకేశాక టెంక మిగిలినట్టు. ద్రవ్యరాశి సూర్యుడిలో సగానికి కాస్త తక్కువ, సుమారు 0.47 వంతు. వ్యాసార్ధం సూర్యుడిలో ఐదో వంతు. ఉష్ణోగ్రత 20,000 నుంచి 40,000 కెల్విన్‌లు. పైపొరను దోచుకునేది చాలా సందర్భాలలో పక్కనున్న జంట తారే.

సాహా_సమీకరణం
పట్టకం గారి అంకెలతో లెక్క సరిచూశాను. 28,000 కెల్విన్‌లు సూర్యుడికి 4.85 రెట్లు, దాని నాలుగో ఘాతం 553. వ్యాసార్ధపు వర్గం 0.04. గుణిస్తే మొత్తం కాంతి సూర్యుడికి 22 రెట్లు. అందులో అత్యధిక భాగం అతినీలలోహితంలోకి పోతుంది కాబట్టి దృశ్యకాంతిలో సూర్యుడంత మాత్రమే కనిపించడం సహజమే.

నీలితారల_వేట
దూరం సంగతి అర్థమైంది. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ధూళి సవరించాక దృశ్యకాంతి 25,000 పైన చెబుతోంది, గాలెక్స్ 20,000 దగ్గరే ఆగింది. అతినీలలోహితమే అసలైన కొలబద్ద అని సాహా_సమీకరణం గారు అన్నారు. మరి అదే ఎందుకు తక్కువ చెబుతోంది?

ధూళిమేఘం
ముందు ధూళిని అనుమానించేవారి కోసం ఒక మాట. అతినీలలోహితాన్ని ధూళి తీవ్రంగా మింగుతుంది, మీ తార విషయంలోనే దూర అతినీలలోహితంలో 0.8 మాగ్నిట్యూడ్ పోయి ఉంటుంది. కాబట్టి అతినీలలోహితపు రంగును నమ్మకూడదని చాలామంది అనుకుంటారు. అక్కడే ఒక తమాషా ఉంది. ధూళి శోషణ వక్రరేఖలో 2175 ఆంగ్‌స్ట్రామ్‌ల (217.5 నానోమీటర్ల) దగ్గర ఒక మూపురం ఉంటుంది, గాలెక్స్ సమీప అతినీలలోహిత పట్టీ సరిగ్గా ఆ మూపురం మీద కూర్చుంది. ఫలితంగా ఎర్రబారడంలో ప్రతి 1 మాగ్నిట్యూడ్‌కు దూర పట్టీలో సుమారు 8.06, సమీప పట్టీలో సుమారు 7.95 పోతుంది. రెండు పట్టీలూ ఒకేలా మసకబారుతాయి, వాటి తేడా అయిన రంగు మాత్రం చెక్కుచెదరదు. మీ తారకు ఆ రంగులో వచ్చే మార్పు 0.01 మాగ్నిట్యూడ్ మాత్రమే. బి−విలో 0.1 వచ్చింది. కాబట్టి నేరం ధూళిది కాదు.

హన్లే_చలి
ధూళిమేఘం గారి మాటకు చిన్న సవరణ. ఆ లెక్క పాలపుంత సగటు ధూళికే వర్తిస్తుంది. చిన్న మెజిల్లన్ మేఘంలో ఆ మూపురం దాదాపు ఉండదు, అక్కడ ఇదే సూత్రాన్ని వాడితే పప్పులో కాలేసినట్టే. మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని అతినీలలోహిత దూరదర్శిని యువిట్‌లో ఎన్219ఎమ్ అనే వడపోత ఈ మూపురం మీదే ఉంది. దానిని పక్క వడపోతలతో పోల్చి ధూళిని విడిగా కొలవచ్చు.

రాత్రి_కాపరి
అసలు దోషి ఎవరో నాకు కనిపిస్తోంది. మొదటి టపాలో ఉన్న 13.4, 13.7 అంకెలను ఎవరూ పట్టించుకోలేదా? గాలెక్స్ శోధకంలో ఒకేచోట సెకనుకు దూర పట్టీలో 109, సమీప పట్టీలో 311 ఫోటాన్ల (కాంతి కణాల) లెక్కింపులు వస్తేనే పది శాతం కాంతి జారిపోవడం మొదలవుతుంది. మాగ్నిట్యూడ్‌లలో అది 13.73, 13.85. మీ తార రెండు హద్దులనూ దాటేసింది, దూర పట్టీలో మరీ ఎక్కువగా దాటింది. అంటే తార నిజంగా ఇంకా ప్రకాశవంతం, దాని అతినీలలోహితపు రంగు ఇంకా నీలం. శోధకం అలసిపోయింది, మీరు ఆ అలసటను చల్లదనంగా చదివారు.

నీలితారల_వేట
మాగ్నిట్యూడ్ పక్కన దోషం 0.01 అని చాలా చిన్నగా రాసి ఉంది. అందుకే పూర్తిగా నమ్మాను.

రాత్రి_కాపరి
అందరం పడ్డ గొయ్యే అది. లెక్కపెట్టిన ఫోటాన్లు ఎక్కువ కాబట్టి గణాంక దోషం చిన్నదిగా వస్తుంది, లెక్కలోకి రాని ఫోటాన్ల సంగతి ఆ అంకెకు తెలియదు. నేను ఒకసారి ఒక గోళాకార గుచ్ఛంలోని ప్రకాశవంతమైన తారలన్నిటికీ ఇలాగే తక్కువ ఉష్ణోగ్రతలు వేసి, వాటికోసం ఒక కొత్త వర్గాన్ని ఊహించి, మూడు పేజీల సిద్ధాంతం కూడా రాసుకున్నాను. ఆ కాగితాలు ఇప్పుడు మా ఇంట్లో మంచం కోడు కింద ఎత్తుకు పనికివస్తున్నాయి.

పాత_ఫోటోమీటర్
మా కలం ఎగిరి కాగితం అంచు దాటితే కనీసం కళ్లకు కనిపించేది.

హన్లే_చలి
యువిట్‌కూ ఈ బెడద ఉంది. అది సెకనుకు సుమారు 29 చట్రాలు తీస్తుంది, ఒకే చట్రంలో ఒకేచోట రెండు ఫోటాన్లు పడితే ఒకటిగానే లెక్కిస్తుంది. తేడా ఏమిటంటే ఆ సవరణను గణితంగా చాలావరకు చేయవచ్చు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని ఈ జంట దూరదర్శినుల అద్దాలు 375 మిల్లీమీటర్లవే, గాలెక్స్‌ది 50 సెంటీమీటర్లు. అయినా యువిట్ చిత్రం గాలెక్స్ చిత్రం కన్నా దాదాపు మూడు రెట్లు పదునుగా ఉంటుంది, కాబట్టి గుచ్ఛాలలో పక్కపక్కన ఉన్న తారలు విడివిడిగా కనిపిస్తాయి. సమీప అతినీలలోహిత శోధకం 2018లో పనిచేయడం ఆగిపోయింది, ఆ తరువాతి పరిశీలనలలో దూర పట్టీ మాత్రమే దొరుకుతుంది. మీ క్షేత్రం అంతకుముందుదైతే అదృష్టవంతులు.

మూలా_నక్షత్రం
గాయా, గాలెక్స్, యువిట్ అన్నీ సరే, ఇప్పటిదాకా ఎవరూ వర్ణపటం మాట ఎత్తలేదు. వర్గీకరణ అన్న మాట పుట్టిందే రేఖల నుంచి. 4471 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరి తటస్థ హీలియం రేఖ, 4541 దగ్గరి అయనీకృత హీలియం రేఖ సమానంగా ఉంటే ఓ7. తటస్థ హీలియం గరిష్ఠంగా ఉంటే బి2. ఇంతకన్నా సూటి పద్ధతి ఉందా?

కుబ్జుడు
మూలా_నక్షత్రం గారితో నేను పేచీ పడేది ఇక్కడే. హీలియం రేఖల బలం ఉష్ణోగ్రతను చెబుతుందన్నది తార పైపొరలో హీలియం మామూలు పాళ్లలో ఉన్నప్పుడే నిజం. ఉపకుబ్జ తారలో గురుత్వం ఎంత ఎక్కువంటే బరువైన హీలియం కిందికి దిగిపోయి పైన హైడ్రోజన్ తేలుతుంది. 28,000 కెల్విన్‌ల మామూలు తారలో 4471 రేఖ కొట్టొచ్చినట్టు ఉంటుంది, అంతే వేడి ఉన్న ఉపకుబ్జ తారలో పీలగా ఉంటుంది. మామూలు తారల రేఖలతో తయారైన మోర్గన్, కీనన్ వర్గీకరణ కొలమానాన్ని గుడ్డిగా వాడితే ఆ పీల రేఖను చూసి ఇది బి7 అంటారు. అలా అన్నవారిని నేను చూశాను, ఆ అన్నవారిలో నేనూ ఉన్నాను.

సాహా_సమీకరణం
1920లో మేఘనాద్ సాహా చెప్పిందీ, 1925లో సెసీలియా పెయిన్ తారలకు అన్వయించి చూపిందీ ఇదే కదా. రేఖ బలం ఒక్క మూలకం మొత్తం మీదే ఆధారపడదు, ఉష్ణోగ్రత, పీడనం, మూలకం పాళ్లు మూడూ కలిసి దానిని నిర్ణయిస్తాయి. మూడింటిలో రెండు మామూలుగా ఉంటేనే మూడోది బయటపడుతుంది.

పట్టకం
అయితే వర్ణపటంలో హీలియంను వదిలి హైడ్రోజన్ రేఖల వెడల్పు చూడండి. గురుత్వం పెరిగితే పీడనం పెరుగుతుంది, రేఖలు ఉబ్బి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అతిదిగ్గజ తారలో బామర్ రేఖలు సన్నగా, ఒకదాని వెనుక ఒకటి చాలా దూరం దాకా లెక్కపెట్టగలిగేట్టు ఉంటాయి. శ్వేత కుబ్జ తారలో కొద్ది రేఖలకే కలగాపులగం అయిపోతాయి. ఉపకుబ్జ తార ఈ రెండింటి నడుమ ఉంటుంది. దీనికి గొప్ప ఉపగ్రహం అక్కరలేదు, రెండు మీటర్ల దూరదర్శినితో అరగంట చాలు.

మూలా_నక్షత్రం
కుబ్జుడు గారి ఆక్షేపణను ఒప్పుకుంటున్నాను. అయితే నిజమైన ఓ, బి తారల విషయంలో దృశ్యకాంతి రేఖలు, అతినీలలోహిత రేఖలు ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. నోలన్ వాల్‌బోర్న్ తదితరులు 1978లో ఎగిరిన ఐయుఇ ఉపగ్రహపు వర్ణపటాలతో ఆ పోలికను చూపారు. 1548, 1551 దగ్గరి కార్బన్ రేఖలు, 1394, 1403 దగ్గరి సిలికాన్ రేఖలు తార నుంచి సెకనుకు రెండు వేల కిలోమీటర్లకు పైబడి వీచే గాలిని పట్టి చూపిస్తాయి. ఒక పక్క ఉద్గారం, మరో పక్క శోషణ. దృశ్యకాంతిలో ఆ గాలి జాడ తెలియడం కష్టం. నా పేరులోని మూల, దాని పొరుగున ఉన్న అనూరాధ, చిత్త, మఖ, కృత్తికలు అన్నీ బి తరగతివే. మన పంచాంగంలో నీలి తారలకు లోటు లేదు.

ధూళిమేఘం
అనూరాధను ఉదాహరణగా చెబితే జాగ్రత్త. తారల వర్గం రాతి మీద గీత కాదనడానికి అదే సాక్షి. పద్ధతైన బి తారగా ఉన్న డెల్టా స్కార్పీ (అనూరాధలోని తార) 2000లో ఉన్నట్టుండి హైడ్రోజన్ ఉద్గార రేఖలతో వెలిగి, బి-ఉద్గార తారగా మారింది.

హన్లే_చలి
నీలితారల_వేట గారు మరో కోణం కూడా చూడాలి. తార ఒక్కటే అన్న నమ్మకం ఎక్కడిది? ఎన్‌జిసి 188 గుచ్ఛంలో, దాని వయసుకు తగినదానికన్నా నీలంగా ఉన్న ఒక తార దృశ్యకాంతిలో 6,000 కెల్విన్‌ల సాదాసీదా తార. యువిట్ చిత్రాలలో అది ఉండవలసినదానికన్నా ఎన్నో రెట్లు వెలిగింది. అన్ని తరంగదైర్ఘ్యాల కొలతలను కలిపి గీస్తే దాని పక్కన 17,000 కెల్విన్‌ల వేడి జంట తార దాగి ఉందని తేలింది. దృశ్యకాంతిలో పెద్దది చిన్నదాన్ని కప్పేసింది. మీ తారకు దీని తలకిందుల సమస్య ఉండవచ్చు: పరారుణ కొలతలు ఎక్కువగా వస్తే పక్కన చల్లని తార ఉన్నట్టే.

నీలితారల_వేట
మూడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. పరారుణ కొలతలు చూశాను, అదనపు వెలుగు ఏమీ లేదు. గాలెక్స్ అంకెలను పక్కన పెట్టి, అదే క్షేత్రం యువిట్ పాత చిత్రంలో ఉంటే తీసుకుని, చట్ర సవరణ చేసి కొలిచాను. ఒక మిత్రుడి పరిశీలన సమయంలో నలభై నిమిషాల వర్ణపటం కూడా దొరికింది. తెర మీద అది గీతగా వచ్చిన క్షణం చెప్పాలి: హైడ్రోజన్ రేఖలు నా దగ్గర ఉన్న బి5 నమూనా కన్నా రెట్టింపు వెడల్పుగా, గిన్నెల్లా ఉన్నాయి, పదో రేఖ తరువాత అంచులు కలిసిపోయాయి. 4471 దగ్గర చిన్న నొక్కు, 4686 దగ్గర ఏమీ లేదు. నమూనాలతో సరిపోల్చితే 28,000 కెల్విన్‌లు, గురుత్వపు సంవర్గమానం 5.5. యువిట్ కూడా దోషపు పరిధిలో అదే చెబుతోంది.

కుబ్జుడు
రాత్రి_కాపరి గారు ఇప్పుడేమంటారు?

రాత్రి_కాపరి
ఏమీ అనను. గతంలో అమెరికాలోని పాలొమార్ వేధశాలలో అతినీలలోహితపు వెలుగు ఎక్కువగా ఉన్న వస్తువులను ఏరి 1986లో 1,874తో జాబితా వేసినప్పుడు కూడా అన్నిటికన్నా పెద్ద గుంపు క్వేజార్లది (దూరపు గెలాక్సీల ప్రకాశవంతమైన కేంద్రాలది) కాదు, ఈ ఉపకుబ్జ తారలదే. మీరు అదృష్టవంతులు కారు, గణాంకాలే మీ పక్షాన ఉన్నాయి.

పాత_ఫోటోమీటర్
జంట తార ఉందో లేదో తేలడానికి ఒక్క వర్ణపటం చాలదు. పరారుణంలో కనిపించని మసక జంట, ఉదాహరణకు శ్వేత కుబ్జ తార, ఉండవచ్చు. కొన్ని రాత్రులు వరుసగా రేఖల స్థానం చూడండి, కదులుతుంటే తెలుస్తుంది. అంతదాకా వర్గం రాసి పక్కన రెండు చుక్కలు (:) పెట్టండి, అనుమానం ఉందని అందరికీ తెలుస్తుంది.

నీలితారల_వేట
14వ వరుసలో బి5 కొట్టేసి ఉపకుబ్జ బి, రెండు చుక్కలు అని రాశాను. అదే ఊపులో మిగతా 22 తారల గాలెక్స్ అంకెలనూ తిరగేశాను. 3, 9, 20 కూడా 13.7 హద్దు దాటి ఉన్నాయి. వాటిలో 9వ దానికి పారలాక్స్ దోషమే పారలాక్స్‌లో సగం ఉంది.

కుబ్జుడు
3, 20 వదిలేయండి, వాటి సంగతి దూరమే తేలుస్తుంది. ఆ 9వ దాని వర్ణపటం దొరికితే ముందు ఇక్కడ పెట్టండి. మూలా_నక్షత్రం గారి పరుగెత్తే బి తార అదే కావచ్చు.